రెండు జట్ల లెక్క: ప్రశాంత చంద్ర మహలనోబిస్

ఆర్నెల్లకోసారి మనకు రావలసిన డి.ఆర్. ధరల సూచీని బట్టి ఉంటుందని సభ్యులందరికీ తెలుసు. ఆ సూచీలో బియ్యానికెంత వాటా, నూనెకెంత వాటా అన్నది కుటుంబ ఖర్చుల సర్వేలో తేలుతుంది. మన దేశంలో ఇటువంటి సర్వేలకు శాస్త్రీయమైన పునాది వేసినవారు మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివారు. గణిత మేధావి రామానుజన్‌తో స్నేహం అక్కడే కలిసింది. ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెబుతూనే 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1926 ఒరిస్సా వరదల తరువాత, నది అడుగు మేటవేసింది, గట్లు ఎత్తు చెయ్యాలని ఇంజనీర్లు అంటే, ఏళ్ల తరబడి లెక్కలు తిరగేసి అడుగు పెరగలేదని తేల్చారు. 1986 ఆగస్టు గోదావరిని చూసిన మనకు ఆ లెక్క విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్. రావు గారు 1941లో వెళ్లి చేరింది ఈయన సంస్థలోనే.

1950లో జాతీయ నమూనా సర్వే ఆయన పూనికతోనే మొదలైంది. అసలు చిక్కు ఇక్కడుంది. ఖర్చు అడిగితే జనం అంకె చెప్పరు, హద్దులు చెబుతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వేకు సాయంగా కోనసీమలో ఒక ఊరు వెళ్లాను. ఒక ముసలమ్మ తన నెల ఖర్చు రెండొందలకీ మూడొందలకీ మధ్య అంది. 250 అని రాసేశాను. పక్కింటికీ అంతే. సాయంత్రానికి సగం ఊరు 250 అయి కూర్చుంది! అందులో ఎక్కువమంది రెండొందల దగ్గరే ఉంటే, నా కలం వల్ల బీదవాళ్లు కాగితం మీద కాస్త కలవాళ్లయిపోయినట్టే. నడిమి అంకె వేసి ఊరుకోకుండా, కింది తరగతిలో ఎన్ని ఇళ్లు, పై తరగతిలో ఎన్ని ఇళ్లు అని చూసి, లోపల ఎటు మొగ్గు ఉందో అంచనా కట్టాలట. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మహలనోబిస్ పద్ధతి వేరు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవారు. రెండు అంచనాల మధ్య తేడాయే పొరపాటుకు కొలత. కుటుంబాలను ఖర్చు ప్రకారం వరుసలో నిలిపి, సమాన సంఖ్యలో గుంపులు చేసి, జట్టుకొక గీత చొప్పున గీసి పోల్చే పద్ధతి కూడా ఆయనదే. అయితే రెండు జట్లూ నాలాగే 250 రాసుకొస్తే ఆ ఉపాయానికీ తప్పు దొరకదు. మరుసటి సర్వేలో నేను రెండు హద్దులూ రాస్తే, పై అధికారి కొట్టేసి ఒక్క అంకె వెయ్యమన్నారు. వేశాను.

79 ఏళ్లు నిండడానికి ఒక్కరోజు ముందు, 1972 జూన్ 28న ఆయన కన్నుమూశారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.