స్వతంత్ర భారత జెండాను ఒలింపిక్స్‌లో మోసిన గిరిజన బిడ్డ - డాక్టర్ తాలిమెరెన్ ఆవో



మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో, సుగాలి తండాల్లో సాయంత్రం అయిందంటే పిల్లలు ఏదో ఒక ఆట మొదలుపెడతారు. బంతి ఉంటే సరే. లేకపోతే పాత గుడ్డలు చుట్టి తాడుతో బిగించి బంతి చేసుకుంటారు. కాళ్ళకు చెప్పులు ఉన్నా లేకపోయినా ఆట ఆగదు. అలా గుడ్డల బంతితో ఆట మొదలుపెట్టిన ఒక గిరిజన పిల్లవాడు స్వతంత్ర భారతదేశపు తొలి ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశ బృందం ముందు నడిచి జాతీయ జెండా మోశాడు. ఆ తరువాత డాక్టరై తన కొండలకు తిరిగి వెళ్ళాడు. ఆయనే డాక్టర్ తాలిమెరెన్ ఆవో. ఆట తెలిసినవాళ్ళు ఆయనను టి. ఆవో అంటారు.

మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు పెద్దగా కనిపించదు. అందుకే ఆయన కథ ఇక్కడ చెప్పుకుందాం.

చాంకీ నుంచి ఇంపూర్ దాకా

తాలిమెరెన్ 1918 జనవరి 28న చాంకీ అనే గ్రామంలో పుట్టాడు. అప్పట్లో అది అస్సాంలోని నాగా కొండల జిల్లాలో ఉండేది. ఇప్పుడు నాగాలాండ్ రాష్ట్రంలోని మొకోక్‌చుంగ్ జిల్లాలో ఉంది. ఆయనది ఆవో తెగ. నాగా ప్రజల్లో ఉన్న అనేక తెగల్లో అది ఒకటి. పన్నెండు మంది పిల్లలున్న ఇంట్లో ఆయన నాలుగోవాడు. తండ్రి సుబోంగ్‌వాతి చర్చిలో పాస్టరు. ఆ పని మీదే కుటుంబం ఇంపూర్ మిషన్ ఆవరణకు చేరింది. చదువుకునే అవకాశం, ఆడుకోవడానికి చదునైన మైదానం రెండూ తాలిమెరెన్‌కు అక్కడే దొరికాయి.

కొండ ఊళ్ళలో చదునైన నేల దొరకడమే కష్టం. తలకోన వైపో, పలమనేరు ఘాట్ వైపో ఉన్న పల్లెల పిల్లలకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బంతి ఒకసారి వాలులోకి జారితే ఆట అక్కడితో ఆగిపోతుంది. అలాంటి చోట ఆడే పిల్లలకు బంతిని కాలికి దగ్గరగా ఉంచుకోవడం, గాలిలోనే తలతో ఆపడం చిన్నప్పుడే అలవాటవుతుంది.

తండ్రి కోరిక

1935లో ఆ ఇంటిని పెద్ద దెబ్బ తీసింది. తండ్రికి టైఫాయిడ్ సోకింది. అప్పటికి ఆ జ్వరానికి సరైన మందు లేదు. ఇవాళ మన పీహెచ్‌సీలో ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రలు అప్పటికి ఇంకా రాలేదు. కొండల్లో ఆసుపత్రులు తక్కువ, డాక్టర్లు ఇంకా తక్కువ. చనిపోయే ముందు తండ్రి పదిహేడేళ్ళ కొడుకును ఒకే ఒక్కటి కోరాడు. వైద్యం చదివి తమ జనానికి సేవ చేయమన్నాడు.

తాలిమెరెన్ తరువాతి నలభై ఏళ్ళ జీవితం ఈ ఒక్క కోరిక చుట్టే తిరిగింది. పుట్టుకతోనే ఆట వచ్చినవాడు, మాట ఇచ్చింది మాత్రం చదువుకు. ఈ రెండింటిలో ఒకదాన్ని వదిలేయమని ఆయనకు చెప్పినవాళ్ళు ఉండే ఉంటారు. ఆయన రెండింటినీ వదల్లేదు. కానీ ఏది ముందు, ఏది తరువాత అన్న విషయంలో ఎప్పుడూ తడబడలేదు.

గువాహటి: ఫార్వర్డ్ నుంచి సెంటర్ హాఫ్

జోర్హాట్‌లో హైస్కూలు చదువు పూర్తిచేసి, 1937లో గువాహటిలోని కాటన్ కళాశాలలో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, వాలీబాల్, హైజంప్, జావెలిన్ అన్నింటిలోనూ ముందుండేవాడు. గువాహటిలోని మహారాణా క్లబ్ తరఫున ఆడాడు. శరత్ దాస్ అనే ఆటగాడితో స్నేహం కుదిరింది కూడా అక్కడే. ఆ స్నేహమే తరువాత ఆయనకు కలకత్తా దారి చూపింది.

స్కూల్లో ఆయన గోల్స్ కొట్టే ఫార్వర్డ్. తరువాత వెనక్కి జరిగి సెంటర్ హాఫ్ అయ్యాడు. ఇవాళ క్రికెట్ ఎక్కువగా చూసే మన పిల్లల కోసం ఈ స్థానం గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో జట్టును ఇద్దరు ఫుల్‌బ్యాకులు, ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులుగా నిలబెట్టేవారు. ఆ ముగ్గురు హాఫ్‌బ్యాకుల్లో నడిమివాడే సెంటర్ హాఫ్. ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను ఆపాల్సింది అతనే. బంతి చిక్కగానే తలెత్తి చూసి ముందున్నవాళ్ళకు అందించాల్సిందీ అతనే. ఇంటికి దూలం ఎలాగో జట్టుకు సెంటర్ హాఫ్ అలాగ. దూలాన్ని ఎవరూ పనిగట్టుకుని చూడరు గానీ, అది విరిగితే పైకప్పు నిలవదు.

గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు రాదు. ఆ సంగతి తెలిసీ వెనక్కి జరిగినవాడు తాలిమెరెన్.

కలకత్తా: పొద్దున అనాటమీ, సాయంత్రం మైదానం

1942లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. ఇప్పుడు దాన్నే ఆర్.జి. కర్ వైద్య కళాశాల అంటారు. అప్పటికే శరత్ దాస్ మోహన్ బగాన్‌లో ఆడుతున్నాడు. ఆయన ద్వారా 1943లో తాలిమెరెన్ కూడా ఆ క్లబ్‌లో చేరాడు.

మోహన్ బగాన్ అంటే ఆ రోజుల్లో ఒక క్లబ్ మాత్రమే కాదు. 1911లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టును 2-1తో ఓడించిన క్లబ్ అది. ఆ రోజు మనవాళ్ళలో పదిమంది వట్టి కాళ్ళతో ఆడి, బూట్లు వేసుకున్న తెల్ల సైనికుల మీద గెలిచారు. ఆ గెలుపు స్వాతంత్ర్యోద్యమానికి ఊపిరి పోసిన సంఘటనల్లో ఒకటిగా నిలిచింది. అలాంటి క్లబ్‌లో కొండ ప్రాంతపు గిరిజన యువకుడు నడిమి స్థానం సంపాదించుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆ జెర్సీ వేసుకున్నాడు, కెప్టెన్ కూడా అయ్యాడు.

అవి మామూలు రోజులు కావు. 1943లో బెంగాల్ కరువు లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. 1944లో జపాన్ సైన్యం కోహిమా దాకా వచ్చింది, ఆయన సొంత నాగా కొండలే యుద్ధభూమి అయ్యాయి. 1946లో కలకత్తా వీధుల్లో మతకల్లోలాలు చెలరేగాయి. వీటన్నిటి మధ్య ఆయన ఒకవైపు వైద్య విద్యార్థి, ఇంకోవైపు పెద్ద క్లబ్ ఆటగాడు. అప్పటి కలకత్తా ఫుట్‌బాల్‌లో ఇప్పటిలా కోట్ల కాంట్రాక్టులు లేవు. ఆట పేరు తెచ్చిపెట్టేది, పొట్టకు మాత్రం ఇంకో పని చూసుకోవాల్సిందే. ఆయన వైద్య పట్టా చేతికి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆలస్యమైనా మధ్యలో వదిలేయలేదు.

లండన్, 1948

స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండకముందే, 1948 జూలై 29న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. రెండు వందల ఏళ్ళు మనల్ని ఏలినవాళ్ళ రాజధానిలో, వాళ్ళ రాజు ముందు, మూడు రంగుల జెండాతో మన బృందం నడిచింది. ఆ జెండా తాలిమెరెన్ ఆవో చేతిలో ఉంది. అప్పటికి ఆయన వయసు ముప్పై.

దీనికి ఇరవై ఏళ్ళ ముందు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ కెప్టెన్‌గా ఉన్నాడు. ఆయన కూడా వెనక నిలబడి ఆపే ఆటగాడే, ఫుల్‌బ్యాక్. ఈ రెండు పేర్లూ మన పిల్లలు పక్కపక్కనే గుర్తుపెట్టుకోవాలి.

జూలై 31న ఇల్‌ఫోర్డ్‌లోని క్రికెల్‌ఫీల్డ్ మైదానంలో భారత్, ఫ్రాన్స్ తలపడ్డాయి. స్వతంత్ర దేశంగా మనం ఆడిన మొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ ఇదే. సుమారు 17,000 మంది చూడటానికి వచ్చారు. మన పదకొండు మందిలో ఎనిమిది మంది వట్టి కాళ్ళతో, కొందరు పాదాలకు పట్టీలు చుట్టుకుని దిగారు. 30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ చేసింది. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ స్కోరు సమం చేశాడు. మనకు రెండు పెనాల్టీ కిక్‌లు వచ్చాయి, రెండూ గోల్ కాలేదు. ఆట ముగియబోతుండగా, 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టింది. 2-1తో ఓడిపోయాం.

ఓడినా మైదానంలో ఉన్నవాళ్ళు మన జట్టును మెచ్చుకున్నారు. వట్టి కాళ్ళ గురించి అడిగిన విలేకరులకు ఆవో నవ్వుతూ, మాది కాలితో ఆడే ఫుట్‌బాల్, మీది బూటుతో ఆడే ఆట అన్న అర్థంలో జవాబిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆర్సెనల్ క్లబ్ ఆయనను తమతో ఆడమని పిలిచిందనీ, వైద్యం చదువు పూర్తి చేయాలని ఆయన కాదన్నాడనీ చెప్పుకునే కథ కూడా నాగాలాండ్‌లో ఇంటింటికీ తెలుసు.

ఒక్క మాట మాత్రం మరిచిపోకూడదు. వట్టి కాళ్ళ ఆటను గొప్పగా చెప్పుకుంటూ అక్కడే ఆగిపోతే నష్టపోయేది మనమే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడిపోయాం. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. మన హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో అదే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ప్రతిభ మనలో ఉంది. దానికి బూట్లు, మైదానం, నేర్పే గురువు కావాలి. వాటిని అడగటానికి మనం సిగ్గుపడక్కర్లేదు.

ఇచ్చిన మాట

1950లో తాలిమెరెన్ ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశాడు. కలకత్తాలోనే ఉండి ఉంటే మోహన్ బగాన్ కెప్టెన్ పేరుకు, డాక్టర్ పట్టాకు కలిపి హాయిగా బతికేవాడు. ఆయన కొండలకు తిరిగి వెళ్ళాడు. కోహిమా సివిల్ ఆసుపత్రిలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరాడు. ఆ దశాబ్దంలో నాగా కొండల్లో సాయుధ పోరు, సైనిక చర్యలు సాగాయి. ఊరి నుంచి ఊరికి వెళ్ళడమే కష్టమైన కాలం అది. అలాంటప్పుడు అక్కడ డాక్టరుగా నిలబడటం లండన్ మైదానంలో నిలబడటం కంటే చిన్న పనేమీ కాదు.

1963 డిసెంబర్ 1న నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. ఆ రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖకు ఆయన మొదటి డైరెక్టర్ అయ్యాడు. 1978లో పదవీ విరమణ చేసేదాకా తన ప్రాంతపు వైద్యం కోసమే పనిచేశాడు. ఏ జ్వరం తన తండ్రిని తీసుకెళ్ళిందో, ఆ జ్వరానికి మందు కొండ ఊళ్ళకు చేరేలా చూసే బాధ్యత చివరికి ఆయన చేతికే వచ్చింది.

1998 సెప్టెంబర్ 13న ఆయన కన్నుమూశాడు. గువాహటి కాటన్ కళాశాలలో ఇండోర్ స్టేడియానికి, అస్సాంలోని కలియాబోర్‌లో ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆయన పేరుతో ఫుట్‌బాల్ టోర్నమెంట్ జరిగింది. శతజయంతి సంవత్సరం 2018లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మనకేమిటి?

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళేటప్పుడు, లోపల మనవాళ్ళు ఎందరున్నారని ఎప్పుడైనా అనుకున్నారా? రుయా ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకుని, ఎవరిని ఏం అడగాలో తెలియక కూర్చున్న మన అవ్వలను, తాతలను చూశారా? వాళ్ళ యాసలో పలకరించే డాక్టరో, నర్సో ఒక్కరుంటే వాళ్ళకు సగం భయం పోతుంది. కొడుకును డాక్టరు కమ్మని అడిగిన ఆ తండ్రికి ఈ సంగతి తెలుసు.

మీలో కొందరు బాగా ఆడతారు. కొందరు బాగా చదువుతారు. ఆట ఆడితే చదువు పోతుందని ఇంట్లో తిట్లు తినేవాళ్ళూ ఉన్నారు. హాస్టల్లో ఉండి, ఇంటి దగ్గర తండ్రి లేక, చదువు మానేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ళు కూడా ఈ సంచిక చదువుతుండొచ్చు. పదిహేడేళ్ళకు తండ్రిని పోగొట్టుకున్న తాలిమెరెన్ ముప్పై రెండేళ్ళకు డాక్టరయ్యాడు. ఆలస్యమైందని ఆయన ఆగిపోలేదు. మీరూ ఆగిపోవద్దు.

ఈసారి మన కాలనీలోనో తండాలోనో పిల్లలకు ఆటల పోటీ పెట్టినప్పుడు, బహుమతి ఇచ్చే ముందు రెండు నిమిషాలు ఈ కథ చెప్పండి. గోల్ కొట్టినవాడితో పాటు వెనక నిలబడి ఆపినవాడికి కూడా చప్పట్లు కొట్టించండి.