పరమాణువును పరిశోధించిన స్వామి జ్ఞానానంద

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందని, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని, చుట్టూ కర్పరాలలో ఎలక్ట్రాన్లు ఉంటాయని మీరు గత పాఠంలో చదివారు. ఇవేవీ కంటికి కనిపించవు. మరి వీటి సంగతి మనకెలా తెలిసింది? ఆ పనికే జీవితం వెచ్చించిన ఒక తెలుగువారిని గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ముందు ఒక కొలత. మీరు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండి చదువుకుంటున్నారనుకోండి. మీ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం మధ్యలో ఒక గోలీ ఉన్నట్లు ఊహించండి. అది కేంద్రకమైతే, ఎలక్ట్రాన్లు ఉండే చోటు ప్లాట్‌ఫారం చివరలు కూడా దాటి, అన్ని వైపులా సుమారు అర కిలోమీటరు వరకు వ్యాపిస్తుంది. అయినా పరమాణువు ద్రవ్యరాశి దాదాపు అంతా ఆ గోలీలోనే ఉంటుంది!

స్వామి జ్ఞానానంద 1896లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని గొరగనమూడి గ్రామంలో జన్మించారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలలో యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్ళారు. అక్కడ ఆయన మనస్సు భౌతికశాస్త్రం వైపు మళ్ళింది. ముప్పై ఏళ్ళు దాటాక మళ్ళీ విద్యార్థి అయ్యారు. చదువు మధ్యలో ఆపి తిరిగి మొదలుపెట్టిన మీకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేము.

ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణాలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. లోపలి కర్పరంలో ఒక ఎలక్ట్రాన్ స్థానం ఖాళీ అయితే, పై కర్పరం నుండి మరొకటి అక్కడికి దిగుతుంది. ఆ రెండు స్థానాల శక్తి భేదం ఎక్స్-కిరణంగా వెలువడుతుంది. దానిని కొలిస్తే కర్పరాల శక్తులు తెలుస్తాయి.

తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ అప్పుడు అక్కడ ఆచార్యుడు. స్వామి అక్కడ బీటా కిరణాలను పరిశీలించారు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. బీటా కణం కూడా ఎలక్ట్రానే, కాని కర్పరాలలో ఉండేది కాదు. కేంద్రకంలోని న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారినప్పుడు అది పుట్టి బయటికి వస్తుంది. అయస్కాంత క్షేత్రంలో అది ఎంత వంగిందో కొలిచి దాని శక్తిని లెక్కగడతారు. దారిలో గాలి ఉంటే కొలత చెడిపోతుంది. పాత్రలోని గాలిని తోడివేయడం చిన్న పనిలా తోస్తుంది గాని, ఆయన ఆ విషయంపైనే ఒక పెద్ద గ్రంథం రాశారు. అది 1947లో అచ్చయింది.

స్వదేశం తిరిగివచ్చి కొంతకాలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1950లలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. 1969లో మరణించారు. అక్కడి కేంద్రక పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు మీ నోటు పుస్తకంలో రాయండి: ఒక కేంద్రకం నుండి బీటా కణం వెలువడితే, అందులోని ప్రోటాన్ల సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా?