కదలు నీటిలో వెలుగు: ఫిజో పండితుని జీవితము

న్యాయస్థానమున సాక్షి తాను చూచినదానిని చెప్పవలెను. దానివలన తనకు దోచిన యూహను వేరుగా నుంచవలెను. శాస్త్రలోకమున నీ నియమమును నిష్ఠతో పాటించినవారిలో ఫ్రెంచి పండితుడు ఇప్పోలిట్ ఫిజో యొకడు.

ఆయన 1819 సెప్టెంబరు 23వ తేదీన పారిసు నగరమున నొక వైద్యాచార్యునకు జన్మించెను. తండ్రి త్రోవనే వైద్యవిద్య నారంభించి, యనారోగ్యముచే దానిని విడిచి, భౌతికశాస్త్రము నాశ్రయించెను. కలిమిగల కుటుంబమగుటచే స్వేచ్ఛగా పరిశోధనలు సాగింపగలిగెను. 1845లో ఫూకో పండితునితో గూడి సూర్యబింబమునకు ఛాయాచిత్రము తీసెను. 1849లో 720 పండ్లుగల చక్రమును త్రిప్పుచు, దాని సందులగుండ వెలుగును 8,633 మీటర్ల దూరము పంపి మరల రప్పించి, భూమిమీదనే దాని వేగమును కొలిచెను.

ఈథరను నదృశ్యపదార్థమున వెలుగు తరంగములుగా పయనించునని నాటి పండితుల నమ్మకము. నీరు ప్రవహించినపుడు ఈథరును దానితో కొట్టుకొనిపోవునా, కదలక నిలుచునా? కొంతమేరకే పోవునని 1818లో ఫ్రెనెల్ ఒక సూత్రము చెప్పియుండెను. 1851లో ఫిజో రెండు గొట్టములలో నీటిని సెకనుకు సుమారు 7 మీటర్ల వేగమున నెదురెదురుగా పారించి, యొక కిరణమును ప్రవాహముతోడను, వేరొకదానిని ప్రవాహమున కెదురుగను పంపి, రెంటిని కలిపి చూచెను. వెలుగునీడల చారలు స్థానము తప్పెను. నీటివేగమున సగమునకంటె కొంచెము తక్కువ మాత్రమే వెలుగునకు సంక్రమించినట్లు తేలెను. గాలిని పారింపగా చారలు కదలలేదు. రెండును ఫ్రెనెల్ సూత్రముతో సరిపోయెను.

అయినను ఫిజో తొందరపడి తీర్పు చెప్పలేదు. లెక్క కుదిరినదని యంగీకరించుచునే, దాని వెనుకనున్న యూహ మిక్కిలి విచిత్రమనియు, నింకను నిదర్శనములు కావలెననియు తెలియజేసెను. 1860లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తున సభ్యుడై, 1896 సెప్టెంబరు 18వ తేదీన కాలధర్మము నొందెను.

1886లో మైకెల్సన్, మోర్లే పండితులు ఆ ప్రయోగమునే మరల జేసి ఫలితమును ధ్రువపరచిరి. 1905లో ఐన్‌స్టైన్ ఈథరు ప్రసక్తి యనవసరమని చూపెను. ఫిజో కనుగొనిన యంశము ఐన్‌స్టైన్ సిద్ధాంతమునుండియే వచ్చునని 1907లో లావే నిరూపించెను. ఊహ కొట్టుపడినను సాక్ష్యము చెక్కుచెదరలేదు. రెంటిని కలిపివేయని యా నిగ్రహము నేటివారికిని అనుసరణీయము.