నలభై దాటాకే పెద్ద పనికి పూనుకున్న భోపాల్ బేగం

నలభై దాటిందంటే చాలు, ఇక మనదేముంది, పిల్లల బతుకులే మన బతుకులు అనుకునే అమ్మలు, ఖాలాలు, ఫుప్పులు మన ఇళ్లల్లో ఎందరో ఉన్నారు. మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. రాత్రిపూట నిద్ర సరిగా పట్టదు. నెలసరి ఆగిపోయే వయసు కావడంతో ఒంటికి స్థిమితం ఉండదు, మనసుకు అంతకన్నా ఉండదు. కూతుళ్లు అత్తవారిళ్లకు వెళ్లిపోతారు, కోడళ్లు ఇంట్లో అడుగుపెడతారు. కొందరికి ఆ వయసులోనే భర్త తోడు కూడా తప్పిపోతుంది. ఇలాంటి వయసులో ఒక స్త్రీ ఎంత చేయగలదో తెలుసుకోవాలంటే భోపాల్ రాజ్యాన్ని ఏలిన నవాబ్ సుల్తాన్ జహాన్ బేగం జీవితం తెలుసుకోవాలి.

ఆమెకేం, నవాబుల బిడ్డ, నౌకర్లు, చాకర్లు, ఖజానా అన్నీ ఉన్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆమె మోసిన దుఃఖాలు మాత్రం ఏ ఇంటి ఆడవారికైనా తెలిసినవే. కన్నతల్లితో మాటలు లేకపోవడం, కడుపున పుట్టిన ఆడపిల్లల్ని పోగొట్టుకోవడం, హఠాత్తుగా భర్త మరణించడం. మహలులో ఉన్నంత మాత్రాన ఇవి తేలికవుతాయా?

నానీ పెంపకం

సుల్తాన్ జహాన్ 1858 జూలై 9న భోపాల్‌లో జన్మించారు. భోపాల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. 1819లో ఖుద్సియా బేగం అధికారం చేపట్టింది మొదలు, వందేళ్లకు పైగా ఆ రాజ్య చరిత్ర బేగముల పేర్లతోనే నడిచింది. ఖుద్సియా బేగం కూతురు సికందర్ బేగం. ఆమె కూతురు షాజహాన్ బేగం. షాజహాన్ బేగం కూతురే సుల్తాన్ జహాన్.

పసితనం నుంచీ ఆమెను పెంచింది నానీ సికందర్ బేగం. సికందర్ బేగం క్రమశిక్షణ గల మనిషి. మనుమరాలి దినచర్యకు వేళలు ఏర్పాటు చేశారు. ఖురాన్ పఠనం, చేతిరాత, ఫార్సీ, ఇంగ్లీషుతో పాటు గుర్రపు స్వారీ కూడా అందులో ఉండేది. వేళకు లేవడం, వేళకు చదవడం, వేళకు తినడం అనే అలవాటు సుల్తాన్ జహాన్‌కు అలా చిన్నప్పుడే అబ్బింది. 1868లో నానీ కన్నుమూశారు. అప్పటికి మనుమరాలికి పదేళ్లు. అంతకు ముందు ఏడాదే తండ్రి బాఖీ ముహమ్మద్ ఖాన్ కూడా మరణించారు.

తల్లీ కూతుళ్ల మధ్య గోడ

షాజహాన్ బేగం 1871లో సిద్దీఖ్ హసన్ ఖాన్‌ను పునర్వివాహం చేసుకున్నారు. ఆయన గొప్ప పండితుడు, ఎన్నో గ్రంథాలు రాసిన వ్యక్తి. వితంతువు మళ్లీ నికాహ్ చేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ తర్వాత తల్లికీ కూతురికీ మధ్య పొరపొచ్చాలు మొదలయ్యాయి. 1875లో సుల్తాన్ జహాన్‌కు అహ్మద్ అలీ ఖాన్‌తో వివాహమయ్యాక అవి ఇంకా ముదిరాయి. రాజ్యం ఎవరికి దక్కాలి, ఎవరి మాట చెల్లాలి అన్న తగాదా ఇంటి తగాదాతో కలిసిపోయింది. మధ్యవర్తుల మాటలు అగ్నికి ఆజ్యం పోశాయి.

సుల్తాన్ జహాన్‌కు ఐదుగురు సంతానం. ఇద్దరు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. పెద్ద కూతురు బిల్ఖీస్ జహాన్ నానీ షాజహాన్ బేగం వద్దే పెరిగింది. 1887లో ఆ పిల్ల పన్నెండేళ్ల ప్రాయంలో చనిపోయింది. ఆ బిడ్డ మరణం చూసైనా తల్లీ కూతుళ్లు ఒకటవుతారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. దూరం మరింత పెరిగింది. 1890లో సిద్దీఖ్ హసన్ ఖాన్ మరణించారు. అప్పుడూ గోడ కూలలేదు. 1894లో రెండో కూతురు ఆసిఫ్ జహాన్ కూడా పోయింది. అదే ఏడాది చిన్న కొడుకు హమీదుల్లా పుట్టాడు. ఒక కంట కన్నీరు, ఒక కంట సంతోషం అంటే ఇదే. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు.

ఒకే ఊళ్లో, వేర్వేరు మహళ్లలో ఉంటూ కూడా తల్లీ కూతుళ్లు ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోలేదు. షాజహాన్ బేగం క్యాన్సర్‌తో బాధపడి 1901 జూన్ 16న మరణించారు. సయోధ్య కుదరకుండానే తల్లి వెళ్లిపోయారు.

గద్దె ఎక్కిన ఏడాదే వైధవ్యం

నలభై మూడో ఏట అడుగుపెట్టబోతూ సుల్తాన్ జహాన్ గద్దె ఎక్కారు. అది పూలపాన్పు కాదు. అంతకు ముందే వచ్చిన కరువు రాజ్యాన్ని కుంగదీసింది. 1901 జనాభా లెక్కల్లో భోపాల్ జనం ఆరు లక్షల అరవై వేల పైచిలుకు మాత్రమే. పదేళ్ల కిందటి లెక్కతో పోలిస్తే లక్షల్లో తగ్గారు. ఖజానా కూడా అంతంత మాత్రమే. పాతికేళ్లుగా వెన్నంటి ఉన్న భర్త సలహాలతో పని మొదలుపెట్టారు. అంతలో 1902 జనవరి 4న ఆయన హఠాత్తుగా మరణించారు. ఆమె గద్దె ఎక్కి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు.

అమ్మ లేదు, భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు లేరు. చిన్నవాడికి ఏడేళ్లు. ఇలాంటి స్థితిలో మంచం పట్టే వారున్నారు. ఎవరినీ చూడనని తలుపులు మూసుకునే వారున్నారు. సుల్తాన్ జహాన్ దుఃఖాన్ని దిగమింగి పనిలో పడ్డారు. బురఖాలోనే రాజ్య వ్యవహారాలు నడిపారు. పల్లెలు తిరిగి రైతుల కష్టసుఖాలు తెలుసుకున్నారు. 1903లో హజ్ యాత్రకు బయలుదేరారు. ఆ రోజుల్లో హజ్ అంటే ఓడ ప్రయాణం, అంటురోగాల భయంతో క్వారంటైన్, ఎడారి దారిలో బందిపోట్ల బెడద. అన్నీ ఓర్చుకుని హజ్ నెరవేర్చి వచ్చారు. ఆ అనుభవాలను తర్వాత పుస్తకంగా రాశారు.

పోయిన వారిని తలచుకునే పద్ధతి కూడా ఆమెది వేరు. యునానీ వైద్యం నేర్పే పాఠశాల పెట్టి కూతురు ఆసిఫ్ జహాన్ పేరు నిలిపారు. భర్త అహ్మద్ అలీ ఖాన్ పేరిట భోపాల్‌లో అహ్మదాబాద్ అనే బస్తీ, మహలు వెలిశాయి. ఏడుపును నలుగురికి పనికివచ్చే పనిగా మార్చుకున్నారన్నమాట.

ఆడవారి ఒంటి సంగతి

సుల్తాన్ జహాన్ పాలనలో మనం గమనించవలసిన విషయం స్త్రీల ఆరోగ్యం మీద ఆమె పెట్టిన శ్రద్ధ. ఆ రోజుల్లో పరదాలో ఉన్న స్త్రీ జబ్బు చేస్తే మగ డాక్టరుకు చూపించుకునేది కాదు. కాన్పులు మంత్రసానుల చేతుల్లో ఉండేవి. ఎందరో తల్లులు, బిడ్డలు చనిపోయేవారు. తల్లి షాజహాన్ బేగం కాలంలోనే భోపాల్‌లో లేడీ లాన్స్‌డౌన్ పేరిట ఆడవారి ఆసుపత్రి ఏర్పడింది. తల్లితో పడకపోయినా, తల్లి మొదలుపెట్టిన మంచి పనిని కూతురు వదలలేదు. దాన్ని పెంచారు. మంత్రసానులకు, నర్సులకు శిక్షణ ఏర్పాటు చేశారు.

ఉర్దూలో గృహిణుల కోసం ఆమె స్వయంగా పుస్తకాలు రాశారు. తందురుస్తీ అనే పుస్తకం ఆరోగ్యం గురించి. హదియతుజ్జౌజైన్ అనేది భార్యాభర్తల హక్కులు, బాధ్యతల గురించి. పిల్లల పెంపకం మీద, ఇంటి నిర్వహణ మీద కూడా రాశారు. ఇంట్లో గాలి వెలుతురు ఆడాలని, మంచినీళ్లు శుభ్రంగా ఉండాలని, ఒంటికి కదలిక ఉండాలని ఆమె ఆడవారికి నచ్చజెప్పారు. ఇవి ఇవాళ మనకు మామూలు మాటలుగా తోచవచ్చు. కానీ అందరికీ వడ్డించి మిగిలింది తినడం, నొప్పిని ఎవరికీ చెప్పకపోవడం గొప్ప గుణాలుగా చలామణి అయిన ఇళ్లలో, ఆడదాని ఒళ్లు కూడా ఒక బాధ్యతేనని చెప్పడం చిన్న విషయం కాదు.

1909లో ఆమె భోపాల్‌లో స్త్రీల కోసం ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ లేడీస్ క్లబ్ ప్రారంభింపజేశారు. పరదాకు భంగం లేకుండా ముస్లిం, హిందూ, యూరోపియన్ స్త్రీలు అక్కడ కలుసుకునేవారు. ఆరోగ్యం మీద, ప్రథమ చికిత్స మీద ఉపన్యాసాలు జరిగేవి. ఇంటి నాలుగు గోడల మధ్యే గడిపిన మధ్యవయసు స్త్రీకి తన ఈడు వారితో కూర్చుని కాసేపు మాట్లాడుకునే చోటు దొరికింది. మనసులో గూడుకట్టుకున్న దిగులుకు ఇది ఎంత మంచి మందో అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఆడపిల్లల చదువు సరేసరి. భోపాల్‌లో సుల్తానియా బాలికల పాఠశాల స్థాపించారు. అలీగఢ్‌లో షేఖ్ అబ్దుల్లా దంపతులు నడిపిన బాలికల పాఠశాలకు అండగా నిలిచారు. 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ ఏర్పడినప్పుడు దానికి తొలి ఛాన్సలర్ ఆమే. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్లు. అదే యూనివర్సిటీకి ఒక మహిళ వైస్ ఛాన్సలర్ కావడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది.

కోడలు, మనుమరాలు

తన తల్లితో దక్కని దగ్గరితనాన్ని సుల్తాన్ జహాన్ కోడలితో, మనుమరాలితో వెతుక్కున్నారనిపిస్తుంది. చిన్న కొడుకు హమీదుల్లా భార్య మైమూనా సుల్తాన్ పసివయసులోనే ఆ ఇంటి కోడలైంది. అత్తగారు ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పించారు. 1911లో యూరప్ యాత్రకు వెళ్లినప్పుడు వెంట తీసుకువెళ్లారు. ఆ యాత్ర విశేషాలను పుస్తకంగా రాసింది కోడలే. కోడలు నలుగురిలో పేరు తెచ్చుకుంటే తన పెద్దరికం తగ్గుతుందని ఆ అత్తగారు అనుకోలేదు.

మనుమరాలు ఆబిదా సుల్తాన్‌ను దాదీ తానే పెంచారు. తెల్లవారకముందే లేపి ఖురాన్ చదివించేవారు. పెంపకం కఠినమే. కానీ ఆ పిల్ల గుర్రపు స్వారీ చేసింది, వేటాడింది, విమానం నడపడం నేర్చుకుంది, తర్వాతి కాలంలో పాకిస్తాన్ తరఫున రాయబారిగా పనిచేసింది. ఆబిదా చెల్లెలు సాజిదా కుమారుడే క్రికెట్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. మన హైదరాబాద్ రంజీ జట్టుకు ఆడిన పటౌడీ ఈ బేగంకు మునిమనుమడు అవుతారు.

మళ్లీ అదే పరీక్ష

1924లో పెద్ద కొడుకులు నస్రుల్లా ఖాన్, ఉబైదుల్లా ఖాన్ ఇద్దరూ కొద్ది నెలల తేడాతో మరణించారు. ఐదుగురిలో ఒక్కడే మిగిలాడు. గద్దె పెద్ద కొడుకు బిడ్డకు దక్కాలా, బతికి ఉన్న చిన్న కొడుకుకా అన్న వివాదం లేచింది. షరీయత్ ప్రకారం మనుమడి కంటే కొడుకే దగ్గరి వారసుడన్నది బేగం వాదన. ఆ వాదనతో 1925లో లండన్ దాకా వెళ్లారు. నెగ్గారు. 1926లో హమీదుల్లా ఖాన్‌కు రాజ్యం అప్పగించి తాను తప్పుకున్నారు. ఆశపడిన మనుమడి వైపు వారికి మాత్రం మనసు నొచ్చుకునే ఉంటుంది. గద్దె కోసం బంధాలు తెగడం చూసిన ఇంట్లోనే మళ్లీ అలాంటి చీలిక వచ్చింది. ఎంత వివేకం గలవారికైనా ఇంటి వ్యవహారాలు అన్నీ చక్కబడవు.

పదవి వదిలాక కూడా ఆమె ఖాళీగా కూర్చోలేదు. 1928లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత మహిళా సభకు అధ్యక్షత వహించారు. పరదాను సమర్థిస్తూ పుస్తకం రాసిన ఆమె, చివరి ఏళ్లలో ముఖం మీది ముసుగు తీసి సభల్లో కనిపించారు. 1930 మే 12న, 71 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మనకు మిగిలే మాట

ఆమె పుస్తకాల్లో ఒకటి హయాతె షాజహానీ. అది ఏళ్ల తరబడి తన ముఖం చూడని తల్లి జీవిత చరిత్ర. తల్లి పోయాక, తానూ పండు వయసుకు చేరువవుతూ, కూతురు కలం పట్టుకుని తల్లి గురించి రాశారు. బతికి ఉండగా కుదరని సయోధ్యను కాగితం మీదైనా కుదుర్చుకున్నారనుకోవాలి. కానీ ఆ పుస్తకాన్ని చదవడానికి తల్లి లేరు.

మన ఇళ్లల్లోనూ ఆస్తి పంపకాల దగ్గరో, పెళ్లి సంబంధాల దగ్గరో మాటలు ఆగిపోయిన తల్లీ కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. పండుగకు సేమ్యాలు పక్కింటికి వెళతాయి గానీ తోబుట్టువు ఇంటికి వెళ్లవు. సుల్తాన్ జహాన్‌కు ఉన్న మహళ్లు మనకు లేకపోవచ్చు. ఆమెకు దక్కని అవకాశం మాత్రం మనలో చాలామందికి ఇంకా ఉంది. నలభై దాటాక ఒంటికి మందు వేసుకోవాలి, నాలుగడుగులు నడవాలి, చదువో పనో కొత్తగా మొదలుపెట్టాలి. వాటితో పాటు, మాటలు ఆగిపోయిన ఇంటికి ఈ వారమే ఒకసారి వెళ్లి సలాం చెప్పి రావాలి.