పాదాలకు కాపలా కాసిన వైద్యుడు డాక్టర్ జోస్లిన్

షుగర్ జబ్బు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి టీలో పంచదార మానేయడం, పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నెను పక్కకు జరపడం. అంతటితో జబ్బు సంగతి తీరిపోయిందని అనుకుంటారు. కాని ఈ జబ్బు ఏళ్లు గడిచేకొద్దీ చప్పుడు చేయకుండా కాళ్లలోకి దిగుతుంది. మొదట తిమ్మిర్లు, రాత్రిళ్లు అరికాళ్ల మంటలు, ఆ తరువాత మొద్దుబారడం. చివరకు కాలి నుండి చెప్పు జారిపోయినా తెలియని స్థితి వస్తుంది. చిన్న పుండు పెద్దదై కాలు తీసేయవలసి వచ్చిన పెద్దలు మన మొహల్లాలలో లేకపోలేదు. ఈ ప్రమాదాన్ని పసిగట్టి, అరవై ఏళ్లకు పైగా ఈ జబ్బుతో పోరాడిన మహానుభావుడు డాక్టర్ ఎలియట్ జోస్లిన్. ఆయన జీవితం మన సొసైటీ కుటుంబాలన్నీ తెలుసుకోదగినది.

జోస్లిన్ 1869 జూన్ 6వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఇంగ్లండులో యూనివర్సిటీ ఉన్న ఆక్స్‌ఫర్డ్ వేరు, ఇది వేరు. తండ్రి బూట్ల ఫ్యాక్టరీ యజమాని. బూట్లు తయారుచేసే ఇంట పుట్టిన పిల్లవాడు పెద్దవాడై పాదాలను కాపాడే వైద్యుడు కావడం విశేషమే. యేల్ యూనివర్సిటీలో 1890లో డిగ్రీ పూర్తిచేసి, హార్వర్డ్ మెడికల్ కాలేజీ నుండి 1895లో డాక్టరై బయటికి వచ్చారు. విద్యార్థిగా ఉన్నప్పుడే డయాబెటిస్ మీద వ్యాసం రాసి బహుమతి పొందారు. తరువాత యూరప్ వెళ్లి అక్కడి పెద్ద వైద్యుల దగ్గర నేర్చుకుని, 1898లో బోస్టన్ నగరంలో ప్రాక్టీసు ప్రారంభించారు.

ఈ జబ్బు ఆయనకు పుస్తకాల్లో చదివిన జబ్బు మాత్రమే కాదు, సొంత ఇంటిలోని జబ్బు. మేనత్తకో పినతల్లికో వస్తే దూరం నుండి చూడవచ్చు. ఆయన కన్నతల్లికే వచ్చింది. కొడుకే వైద్యుడై తల్లికి ఆహార నియమాలు పెట్టి, చాలా ఏళ్లు ఆమెను నిలబెట్టుకున్నారు. జాగ్రత్తగా నడుచుకుంటే ఈ జబ్బుతో కూడా బతకవచ్చునన్న ధైర్యం ఆయనకు అక్కడే కలిగి ఉంటుంది.

ఆయనకు ఒక మంచి అలవాటు ఉండేది. బడిలో మేము హాజరు పట్టీ రాసినట్లు, తన దగ్గరకు వచ్చిన ప్రతి షుగర్ రోగి వివరాలూ పుస్తకంలో రాసుకునేవారు. 1893లో, ఇంకా విద్యార్థిగా ఉండగా చూసిన మొదటి రోగితో మొదలైన ఈ లెక్క ఆయన జీవితాంతం సాగింది. ఎవరు ఎన్నేళ్లు బతికారు, ఏమి తిన్నారు, ఏ బాధతో పోయారు అన్నీ అందులో ఉండేవి. 1916లో వెయ్యిమంది రోగుల అనుభవంతో డయాబెటిస్ చికిత్సపై పెద్ద గ్రంథం వెలువరించారు. 1918లో రోగులే చదువుకోవడానికి వీలుగా మరొక చిన్న పుస్తకం రాశారు. డాక్టర్ల విద్యను రోగుల చేతిలో పెట్టడం ఆ రోజుల్లో గొప్ప సంగతి.

అప్పటికి ఇన్సులిన్ లేదు. పిల్లలకు షుగర్ వస్తే తల్లిదండ్రులు ఆశ వదులుకోవలసిందే. దాదాపు పస్తులు ఉంచే పథ్యం పెట్టి కొన్ని నెలలో, ఏడాదో ఎక్కువ బతికించడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికి తీశారు. 1922 ఆగస్టులో జోస్లిన్ తన మొదటి రోగికి ఆ మందు ఇచ్చారు. ఎముకల గూళ్లుగా మారిన పిల్లలు మళ్లీ బుగ్గలు నిండి ఆటలాడుకున్నారు. లోకమంతా ఇక షుగర్ జబ్బు పని అయిపోయిందని సంతోషించింది.

కాని జోస్లిన్ దగ్గర లెక్కల పుస్తకం ఉంది. అది వేరే సంగతి చెప్పింది. ఒంట్లో విషం పేరుకుని స్పృహ తప్పి చనిపోయేవారు బాగా తగ్గారు. నిజమే. అయితే ఇన్సులిన్ పుణ్యమా అని పది, ఇరవై ఏళ్లు బతికినవారికి కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పాదాలు చెడిపోవడం మొదలైంది. కాలు కుళ్లి చనిపోయేవారి సంఖ్య పెరిగింది. 1934లో ఆయన ఈ ముప్పు గురించి వైద్యలోకాన్ని గట్టిగా హెచ్చరించారు. కాలు కుళ్లడం తలరాత కాదనీ, చాలావరకు మన అజాగ్రత్త వలన వచ్చేదేననీ ఆయన వాదన.

ఇక్కడ నరాల సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. పూర్వం వైద్యులు నరాలు చెడటం వలననే షుగర్ వస్తుందని తలచేవారు. 1864లో మార్షల్ ద కాల్వి అనే ఫ్రెంచి వైద్యుడు అది తలకిందుల ఆలోచన అనీ, షుగర్ వలననే నరాలు చెడుతున్నాయనీ గ్రహించాడు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరం లోపలి పోగులు దెబ్బతింటాయి. వాటికి రక్తాన్ని అందించే సన్నని నాళాలు కూడా పాడవుతాయి. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు కాలివేళ్ల దాకా పోయేవి. అందుకే దెబ్బ మొదట అక్కడే తగులుతుంది. తరువాత మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది. చెమట పట్టడం తగ్గి చర్మం ఎండి పగులుతుంది. అన్నిటికంటే ఘోరం, నొప్పి తెలియకపోవడం. నొప్పిని మనం శత్రువు అనుకుంటాము కాని, అది అల్లాహ్ మన ఒంటికి పెట్టిన కాపలాదారు. ఆ కాపలాదారు నిద్రపోతే ముల్లు గుచ్చుకున్నా, వేడినీళ్లు కాల్చినా కబురు అందదు.

జోస్లిన్‌తో కలిసి పనిచేసిన వైద్యులు ఈ నరాల జబ్బును శ్రద్ధగా పరిశోధించారు. ఆయన ముఖ్య సహచరుడు హోవర్డ్ రూట్ 1930లో మరొకరితో కలిసి షుగర్ వలన నరాలు చచ్చుబడిన రోగుల గురించి వ్యాసం ప్రచురించారు. 1936లో విలియం జోర్డన్ అనే వైద్యుడు షుగర్ రోగికి పెద్ద నొప్పి లేకుండానే చీలమండ ఎముకలు చెడిపోవడాన్ని గుర్తించి రాశారు. జోస్లిన్ మాత్రం వ్యాసాలతో ఊరుకోలేదు. బోస్టన్‌లోని డీకనెస్ ఆసుపత్రిలో రోగులకు పాఠాలు చెప్పించారు. గోళ్లు ఎలా కత్తిరించాలి, ఆనెకాయలకు బ్లేడు ఎందుకు పెట్టకూడదు, పాదాలు ఎలా కడిగి ఆరబెట్టాలి అని చెప్పడానికి ప్రత్యేకంగా మనుషులను నియమించారు. రోగుల ఇళ్లకు వెళ్లి నేర్పే నర్సులను తయారుచేశారు. ఆహారం, వ్యాయామం, ఇన్సులిన్ ఈ మూడూ ఒకే బండికి కట్టిన మూడు గుర్రాలని, ఒకటి మొరాయించినా బండి పక్కకు పోతుందని బోధించేవారు. పాతికేళ్లు జబ్బుతో ఉండి కూడా కళ్లూ నాళాలూ చెడకుండా కాపాడుకున్నవారికి పతకాలు ఇచ్చి గౌరవించేవారు.

1946-47లో ఆయన స్వగ్రామం ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభుత్వ వైద్యులు ఇంటింటా పరీక్షలు చేశారు. 3,516 మందిని చూస్తే 70 మందికి షుగర్ ఉంది. వారిలో 40 మందికి ముందే తెలుసు. మిగిలిన 30 మందికి తమకు జబ్బు ఉన్నట్లే తెలియదు. జబ్బు తెలియకుండానే ఇంట్లో కాపురం ఉంటుందని ఆ ఊరు లోకానికి చాటింది.

ఆయన మాటను అందరూ ఒప్పుకోలేదు. 1940, 50 దశకాలలో కొందరు పేరున్న వైద్యులు రోగికి బాధ లేనంతవరకు మూత్రంలో చక్కెర పోతే పోనీ, ఇష్టమైనది తిననివ్వండి అనే పద్ధతి పట్టారు. రోగులకు అదే తీపిగా తోచింది. చక్కెరను అదుపులో పెడితే నరాలు, కళ్లు నిలుస్తాయని జోస్లిన్ వాదించారు కాని, తిరుగులేని రుజువు చూపలేకపోయారు. వెక్కిరింతలు పడ్డారు. పంథా మార్చుకోలేదు. చివరి రోజుల దాకా రోగులను చూస్తూనే, 1962 జనవరి 28న తమ 92వ ఏట కన్నుమూశారు. రుజువును కళ్లారా చూసే భాగ్యం ఆయనకు కలగలేదు.

ఆ రుజువు మెల్లగా వచ్చింది. బెల్జియం దేశపు వైద్యుడు జాన్ పిరార్ 1947 నుండి 1973 దాకా 4,400 మంది రోగులను పరిశీలించి, 1978లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు బయటపడేనాటికి నరాల దెబ్బ నూటికి ఏడెనిమిది మందిలోనే ఉంటే, పాతికేళ్లు గడిచేసరికి సగం మందిలో కనబడింది. చక్కెర అదుపులో లేనివారికి ముప్పు ఎక్కువ. తరువాత అమెరికా, కెనడాలలో 1,441 మందిని రెండు జట్లుగా చేసి పెద్ద పరిశోధన జరిపారు. ఒక జట్టుకు మామూలు చికిత్స, మరొక జట్టుకు గట్టి అదుపు. 1993లో ఫలితం వెలువడింది. గట్టి అదుపులో ఉన్నవారికి నరాల జబ్బు 60 శాతం తగ్గింది. జోస్లిన్ పోయిన 31 ఏళ్లకు ఆయన మాట నెగ్గింది. ఆ పరిశోధన చిన్న వయసులో మొదలై ఇన్సులిన్ తప్పనిసరి అయిన రోగులపై జరిగింది. పెద్ద వయసులో వచ్చే షుగర్‌లో ఒక్క చక్కెర అదుపు వలన నరాలకు కలిగే మేలు అంత పెద్దగా కనబడలేదు. కనుక అక్కడ బీపీ, బరువు, కొవ్వు, బీడీ సిగరెట్లు కూడా చూసుకోవాలి. చెడిన నరాన్ని తిరిగి మామూలు చేసే మందు నేటికీ లేదు. ముందు జాగ్రత్తే మందు.

ఇక మన సంగతి. రోజుకు అయిదు పూటలా వజూలో పాదాలు కడిగే మనకు ఆ పాదాలను చూసుకునే అవకాశం దినానికి అయిదుసార్లు వస్తుంది. వేళ్ల మధ్య ఖిలాల్ చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి పగులు ఉందా, బొబ్బ ఉందా చూడండి. తరువాత పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. చూపు తగ్గిన పెద్దల పాదాలను మనుమలో కోడళ్లో చూడాలి. చలికాలంలో వేడినీళ్లను కాలితో కాకుండా ఇంట్లో మరొకరి చేతితో పరీక్షించాలి. ఎండాకాలం జుహర్ వేళ మసీదు వాకిట బండలు నిప్పుల్లా ఉంటాయి. మొద్దుబారిన కాలికి ఆ సెగ తెలియదు, బొబ్బలు మాత్రం లేస్తాయి. హజ్‌కు వెళ్లే పెద్దలు బయలుదేరేముందే పాదాలను డాక్టరుకు చూపించుకోవాలి. చెప్పులు వేసుకునేముందు లోపల రాయి ఉందేమో చేయిపెట్టి చూడాలి. పుండు పడితే పసరు కట్టి నాలుగు రోజులు చూద్దామనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఏడాదికి ఒకసారైనా డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూసే ఆ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు.

మతం వేరు, దేశం వేరు అయినా మానవజాతికి మేలుచేసినవాడు అందరివాడే. బూట్ల వ్యాపారి కొడుకు వేలాది రోగుల పాదాలను లెక్కపెట్టి కాపాడాడు. మన ఇంటిలోని రెండు మూడు జతల పాదాలను కాపాడుకోవడం మనకు భారం కాకూడదు. జబ్బు పడిన ప్రతి ఒక్కరికీ అల్లాహ్ శిఫా ప్రసాదించుగాక, కడదాకా తమ కాళ్లపై తాము నడిచి మసీదుకు పోయే భాగ్యం మన పెద్దలందరికీ కలిగించుగాక. ఆమీన్.