అన్నం పెట్టిన అమ్మ: డొక్కా సీతమ్మ గారు

ఈ శుక్రవారం పురాణ కథ కాదండీ. మన గోదావరి లంకల్లో, మన తాతముత్తాతల కాలంలో నిజంగా బతికిన ఒక తల్లి గురించి. కోనసీమ వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. గల్ఫ్‌లో ఏ క్యాంపులో చూసినా అమలాపురం, రాజోలు వైపు వాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు కదా, వాళ్లను అడిగి చూడండి.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు. అడిగిన వాళ్లకల్లా అన్నం పెడుతుంటే ఊళ్లో ఆయన అసలు పేరు పోయి బువ్వన్న అయిపోయింది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న గారి ఇల్లాలైంది. ఆ ఊరు ఎక్కడుందో చూడండి, వైనతేయ గోదావరి పక్కన. అప్పట్లో బస్సుల్లేవు, హోటళ్లు లేవు. కాలినడకన, పడవల మీద వచ్చే బాటసారులు రేవు దాటేసరికి ఎండ నెత్తికెక్కేది, లేదా చీకటి పడేది. చేతిలో డబ్బున్నా కొనుక్కుని తినడానికి అన్నం దొరకని చోటు.

అక్కడ సీతమ్మ గారు పొయ్యి ఆర్పలేదు. వేళ కాని వేళ వచ్చినా, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వండి వడ్డించేవారు. ఏ కులం, ఏ ఊరు అని అడిగేవారు కాదు. ఈ మాట ఇప్పుడు మనం తేలిగ్గా అనేస్తాం. వంద సంవత్సరాల కిందట ఒక బ్రాహ్మణ ఇంట్లో అది ఎంత పెద్ద విషయమో పెద్దవాళ్లకు తెలుసు. ఇంకో సంగతి, గ్యాస్ లేదు, కుక్కర్ లేదు. కట్టెల పొయ్యి దగ్గర పొగలో కూర్చుని, ఎవరొస్తారో ఎంతమందొస్తారో తెలియకుండా వండటం. డ్యూటీ నుంచి వచ్చి పదిమందికి వంట చేసే వంతు మీకూ వస్తుంది కాబట్టి ఆ కష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఆమెకు వంతు మారేది కాదు. ఆస్తి కరుగుతున్నా జోగన్న గారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. నన్నడిగితే ఆయనకూ సగం దణ్ణం పెట్టాలి.

ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆగినప్పుడు ఒక పెళ్లివారి గుంపు ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాస్త దూరం పోతే సీతమ్మ గారి ఇల్లు వస్తుందని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె స్వామిని చూడకుండానే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెప్పుకుంటారు. భక్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కథే.

మనకు పొలాలు లేవు, రేవు లేదు. కానీ మన రూముల్లోనూ బాటసారులు ఉన్నారండీ. కొత్తగా దిగిన కుర్రాడు మొదటి జీతం వచ్చేదాకా మెస్సు డబ్బులు కట్టలేడు. రెండు నెలలుగా జీతం ఆగిపోయినవాడు తిన్నానని చెప్పి బంకు బెడ్ ఎక్కి అటు తిరిగి పడుకుంటాడు. అలాంటివాణ్ణి నలుగురిలో అడగకండి, సిగ్గుపడతాడు. కంచం పెట్టి పిలవండి, అంతే. జ్వరంతో పడుకున్నవాడికి ఇంత గంజి కాచి పెట్టండి, డ్యూటీకి వెళ్లేముందు పక్కన నీళ్ల సీసా ఉంచండి. వాడు తెలుగువాడే కానక్కర్లేదు. నేపాలీ అయినా బెంగాలీ అయినా ఆకలి ఒకటే.

ఆమె పేరు తెల్లదొరల దాకా వెళ్లింది. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొస్తే, తను పేరు కోసం అన్నం పెట్టడం లేదని వెళ్లలేదట. పోనీ ఫోటో అయినా ఇమ్మంటే దానికీ ఒప్పుకోలేదు. ఫోటో లేకుండా వెళ్తే తన ఉద్యోగానికి ముప్పని వచ్చిన అధికారి మొరపెట్టుకుంటే, అప్పుడు సరేనన్నారని చెబుతారు. ఆ ఒప్పుకోవడం కూడా ఎదుటివాడి కడుపు కోసమే, గమనించారా?

1909 ఏప్రిల్ 28న ఆమె కన్నుమూశారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకు పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. మీ పిల్లలు సర్కారు బడిలో చదువుతుంటే ఈసారి వీడియో కాల్‌లో ఆ పేరు ఎవరిదో వాళ్లకు చెప్పండి. లీవులో ఊరెళ్లినప్పుడు పి.గన్నవరం మీదుగా పోతే, వైనతేయ మీద కట్టిన అక్విడక్టును ఒకసారి ఆగి చూడండి. కాలువ నీళ్లను నది మీదుగా అవతలి పొలాలకు మోసుకెళ్తుంది. దాని పేరూ డొక్కా సీతమ్మ గారిదే.