చప్పుడు చేయని బ్యాట్... ప్రపంచాన్ని గెలిచింది!

1952 ఫిబ్రవరి. బొంబాయి బ్రబోర్న్ స్టేడియం. క్రికెట్‌కు పేరుపడ్డ ఆ ఆవరణలో ఆ నెల టేబుల్ టెన్నిస్ బల్లలు వేశారు. ప్రపంచ పోటీలు ఆసియా గడ్డ మీద జరగడం అదే మొదటిసారి. అంతకు ముందు పాతికేళ్లుగా ఈ ఆట యూరప్ వాళ్ల సొత్తు. పురుషుల సింగిల్స్ కప్పు ఒక్కసారి కూడా ఆ ఖండం దాటి రాలేదు.

ఇంగ్లండ్ నుంచి అంతకు ముందు ఏడాది విజేత జానీ లీచ్ వచ్చాడు. నాలుగుసార్లు ఛాంపియన్ రిచర్డ్ బెర్గ్‌మన్ వచ్చాడు. అమెరికా నుంచి మార్టీ రీస్‌మన్. ఇరవై రెండేళ్లవాడు, బంతిని కొడితే ఎదుటివాడికి కనబడేది కాదని పేరు. హంగరీ జట్టు సంగతి సరేసరి. వీళ్ల మధ్య జపాన్ నుంచి కళ్లద్దాలు పెట్టుకున్న ఓ బక్కపలచని మనిషి దిగాడు. పేరు హిరోజీ సాటో. జపాన్ ఈ పోటీలకు రావడమే కొత్త. కాబట్టి సాటోను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అతని చేతిలో ఉన్న బ్యాట్‌ను కూడా మొదట్లో అంతగా పట్టించుకోలేదు.

పోటీలు ముగిసేసరికి ఆ బ్యాట్ గురించి తప్ప ఇంకో మాట లేదు.

బాంబులు పడిన దేశం నుంచి...

సాటో 1925లో పుట్టాడు. జపాన్ ప్రధాన ద్వీపానికి ఉత్తరాన చిట్టచివర ఉండే అవోమోరి ప్రాంతం వాడు. మంచు ఎక్కువ కురిసే చోటు. యుద్ధం ఆఖరి రోజుల్లో, 1945 జులైలో అవోమోరి పట్టణం మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. ఊరు చాలా భాగం కాలిపోయింది. సాటోకు అప్పుడు ఇరవై ఏళ్లు.

బొంబాయి పోటీల నాటికి జపాన్ ఇంకా పరాయి సైన్యం అదుపులోనే ఉంది. ఆక్రమణ ముగిసింది 1952 ఏప్రిల్ 28న. అంటే సాటో కప్పు గెలిచిన రెండు నెలల తర్వాత! భారత్ మాత్రం అంతకు ముందు ఏడాదే ఢిల్లీ ఆసియా క్రీడలకు జపాన్‌ను పిలిచింది. 1952 జూన్‌లో విడిగా శాంతి ఒప్పందం కూడా చేసుకుంది. ఓడిపోయిన దేశం, తలదించుకున్న దేశం. అలాంటి దేశం నుంచి వచ్చిన మనిషి గెలుపుకు అర్థం కప్పుతో ఆగదు కదా.

చెవులు కూడా ఆడతాయి

ఆ రోజుల్లో అందరి బ్యాట్లూ ఒకటే. చెక్క మీద పలచని రబ్బరు, దాని మీద చిన్న చిన్న బొడిపెలు. స్పాంజి లేదు. బంతి తగలగానే టక్కున చప్పుడు వచ్చేది. టక్... టక్... ఆ చప్పుడే ఆటగాళ్లకు సగం ఆట. గట్టిగా కొట్టాడా, మెత్తగా తగిలించాడా, కోసి వదిలాడా అన్నది కన్నుకంటే ముందు చెవి చెప్పేది. కాళ్లు దాన్ని బట్టి కదిలేవి.

ఆ రబ్బరుతో స్పిన్ కొంతే పుడుతుంది, వేగం కూడా కొంతే. అందుకే ఓపికగా బంతిని తిప్పి పంపేవాడు గట్టివాడు. ఓపిక అంటే ఎంత అనుకుంటున్నారు? 1936లో ప్రేగ్ పోటీల్లో పోలెండ్ ఆటగాడు ఎర్లిచ్, రుమేనియా ఆటగాడు పానెత్ ఫర్కాస్ మధ్య తొలి పాయింటు తేలడానికి రెండు గంటలు దాటింది! ఆ గోల తర్వాతే నెట్ ఎత్తు తగ్గించారు.

సాటో బ్యాట్ మీద బొడిపెల రబ్బరు లేదు. మందపాటి స్పాంజి, అంతే. బంతి వచ్చి అందులో దిగబడుతుంది. చప్పుడు రాదు. ఒక్క క్షణం లోపల ఉండి, గులేరులో రాయిలాగ బయటికి దూకుతుంది. ఎదుటివాడు ఎంత గట్టిగా కొడితే అంత వేగంగా వాడికే తిరిగొస్తుంది. మెత్తగా వేస్తే సాటో తానే కొట్టేవాడు. పెన్ను పట్టుకున్నట్టు బ్యాట్ పట్టుకునే జపాన్ పద్ధతి ఎలాగూ ఉంది, దాంతో బల్ల దగ్గర మణికట్టు చురుగ్గా తిరుగుతుంది.

నిజానికి స్పాంజిని కనిపెట్టింది సాటో కాదు. అంతకు ముందు ఏడాది వియన్నాలో ఓ ఆస్ట్రియా ఆటగాడు కూడా అలాంటి బ్యాట్ వాడాడు. సాటో చేసిందల్లా దాన్ని తన ఆటకు అతికేలా సాధన చేసి, ఎవరూ ఎదురు చూడని చోట బయటపెట్టడం. ఆ చప్పుడు లేని బ్యాట్ ముందు రీస్‌మన్ ఓడిపోయాడు. మిగిలిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోటీ నుంచి తప్పుకున్నారు. ఫైనల్లో హంగరీ ఆటగాడు జోసెఫ్ కోజియాన్‌ను ఓడించి సాటో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆసియాకు తొలి పురుషుల సింగిల్స్ కప్పు, అదీ ఆసియా గడ్డ మీదే.

ఒక్క సాటోయే కాదు. పురుషుల డబుల్స్‌లో ఫుజీ, హయాషీ జోడీ, మహిళల డబుల్స్‌లో నరహారా, నిషిమురా జోడీ గెలిచాయి. మహిళల టీమ్ కప్పు కూడా జపాన్‌దే. తొలి రాకలోనే నాలుగు టైటిళ్లు. అయితే పురుషుల టీమ్ కప్పు మాత్రం హంగరీ పట్టుకుపోయింది. కాబట్టి అంతా స్పాంజి మాయేనని కొట్టిపారేయడం సరికాదు.

హాకీ ఊరికి ఇట్టే అర్థమయ్యే కథ

కోవిల్‌పట్టి వాళ్లకు ఈ ముచ్చట కొత్తగా అనిపించదు. హాకీ స్టిక్కు పట్టని వీధి లేదని పేరున్న ఊరు అది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం మీద హాకీ ఆడించారు. మట్టి, పచ్చిక మీద మణికట్టుతో బంతిని మెలిపెట్టి ఆడిన భారత్ ఏడో స్థానంలో నిలిచింది. ఆట అదే, నియమాలు అవే, కింద ఉన్న నేల మారింది. ఎన్నో ఏళ్లు చెమటోడ్చి నేర్చుకున్న విద్య ఒక్కసారిగా పనికి రాకుండా పోయింది. కోవిల్‌పట్టిలో కూడా తర్వాత సింథటిక్ మైదానం వచ్చింది, పిల్లలు దాని మీదే ఆట దిద్దుకుంటున్నారు.

బొంబాయిలో బెర్గ్‌మన్‌కు, లీచ్‌కు, రీస్‌మన్‌కు ఎదురైంది కూడా అదే. రీస్‌మన్ ఆ ఓటమిని చచ్చేదాకా మరచిపోలేదు. జీవితాంతం పాత బొడిపెల బ్యాట్‌నే పట్టుకుని తిరిగాడు. 1997లో, 67వ ఏట, ఆ పాత బ్యాట్లతో ఆడే అమెరికా జాతీయ పోటీ గెలిచాడు. 2012లో చనిపోయాడు. అతని పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఆట అతని కోసం ఆగలేదు.

కప్పు ఒకటే... ఒక్కసారే

సాటోకు స్వదేశంలో ఘనస్వాగతం దొరికింది. యుద్ధం తర్వాత జనం తలెత్తుకుని చెప్పుకోవడానికి దొరికిన పేర్లలో అతనిదీ ఒకటి. కానీ ప్రపంచ విజేతల పట్టికలో సాటో పేరు మళ్లీ కనబడదు. 1953 బుకారెస్ట్ పోటీలకు జపాన్ వెళ్లనే లేదు. 1954లో లండన్‌లో కప్పు గెలిచింది ఇచిరో ఒగిమురా. అతని తర్వాత తనాకా. 1954 నుంచి 1957 దాకా నాలుగేళ్లూ ఆ ఇద్దరే పంచుకున్నారు.

తేడా ఎక్కడంటే, సాటో దగ్గర ఉన్న ఆశ్చర్యం ఒక్కసారికే పనిచేస్తుంది. చప్పుడు రాదని తెలిశాక ఆటగాళ్లు చెవులు వదిలేసి బ్యాట్ కదలికను చూడడం మొదలుపెట్టారు. ఒగిమురా స్పాంజిని నమ్ముకుని కూర్చోలేదు. పరుగు, ఫోర్‌హ్యాండ్ దెబ్బ, గంటల తరబడి సాధన... వీటికి స్పాంజిని జోడించాడు. ఈ ఒగిమురాయే తర్వాత 1987 నుంచి 1994లో చనిపోయేదాకా అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడిగా పనిచేశాడు. దారి తెరిచిన సాటో పేరు మాత్రం ఆట చరిత్ర తిరగేసేవాళ్లకే గుర్తుంది. ఇది న్యాయమా అంటే కాదనే చెప్పాలి.

రెండు అగ్గిపుల్లల మందం

స్పాంజి గొడవ ఏళ్ల తరబడి నడిచింది. నిషేధించాలని కొందరు, వద్దని కొందరు. చివరికి 1959లో సమాఖ్య మధ్యేమార్గం తేల్చింది. ఒట్టి స్పాంజి కుదరదు. దాని మీద బొడిపెల రబ్బరు అతికించాల్సిందే. బొడిపెలు బయటికైనా ఉండొచ్చు, లోపలికి తిప్పి నున్నటి వైపు పైకైనా ఉంచొచ్చు. జిగురుతో కలిపి మొత్తం మందం నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. స్పాంజి లేకుండా బొడిపెల రబ్బరు ఒక్కటే అయితే రెండు మిల్లీమీటర్లు. శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలో పుల్ల మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు. అంటే ఒక పుల్ల, రెండు పుల్లలు... ఈ లెక్కలోనే ప్రపంచమంతా ఆడుతోంది.

విరుదునగర్‌లో గానీ మధురైలో గానీ పిల్లాడికి రబ్బరు కొనబోయే తండ్రికి సాటో కథలో పనికొచ్చే సంగతి ఒకటుంది. ముందు ఆట తీరు చూడాలి, తర్వాతే రబ్బరు. దుకాణంలో ఖరీదైన రబ్బరు ఏదని అడిగితే అది బాగా వేగంగా ఉంటుంది, పిల్లాడి చేతిలో బంతి బల్ల దాటి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి రెండు వైపులా నున్నటి రబ్బరు, కింద ఒకటిన్నర నుంచి 1.8 మిల్లీమీటర్ల స్పాంజి చాలు. బంతి అదుపులోకి వచ్చాక, లూప్ వేసి దాడి చేసే అలవాటుంటే రెండు మిల్లీమీటర్లు, ఆపైన. బల్లకు అంటుకుని నిలబడి గబగబా కొట్టేవాడికి పొట్టి బొడిపెలు. బల్లకు దూరంగా జరిగి కోసి పంపేవాడికి పొడుగు బొడిపెలు, పలచని స్పాంజి లేదా అసలు స్పాంజి లేకుండా. పొడుగు బొడిపెల మీద పడ్డ స్పిన్ చాలావరకు తిరగబడి ఎదుటివాడికే పోతుంది. వాడినవాడికి కూడా అది లొంగాలంటే నెలలు పడుతుంది. మొదటి ఏడాదే పిల్లాడికి ఇది కొనిపెడితే నాలుగు పోటీలు గెలుస్తాడేమో గానీ దెబ్బ కొట్టడం నేర్చుకోడు. సాటోకు జరిగింది దాదాపు ఇదే.

రంగుల కథ కూడా ఇలాంటిదే. ఒకవైపు ఒక రకం, రెండోవైపు ఇంకో రకం రబ్బరు ఒకే రంగులో అతికించి, ఆట మధ్యలో బ్యాట్ తిప్పి మోసం చేసేవాళ్లు. దాంతో 1980లలో రెండు వైపులా వేర్వేరు రంగులు ఉండాలన్నారు, 1986 నుంచి ఎరుపు, నలుపు స్థిరపడ్డాయి. 2021 నుంచి నలుపు ఒకవైపు తప్పదు, ఇంకో వైపు ఎరుపుతో పాటు నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులకు కూడా అనుమతి ఉంది.

విచిత్రమైన రబ్బరు పెద్దవాళ్లను పడగొట్టడం బొంబాయితో ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో కొరియాలోని బుసాన్‌లో ప్రపంచ టీమ్ పోటీలు జరిగాయి. స్పిన్‌ను మింగేసే యాంటీ స్పిన్ రబ్బరుతో బెంగాల్ అమ్మాయి అయిహికా ముఖర్జీ ప్రపంచ నంబర్ వన్ సన్ యింగ్‌షాను ఓడించింది. అదే మ్యాచ్‌లో హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ వాంగ్ యిదిని ఓడించింది. అయినా చైనా 3-2తో గట్టెక్కింది.

సాటో 2000 సంవత్సరంలో 75వ ఏట కన్నుమూశాడు. ప్రపంచ కప్పు గెలిచిపెట్టిన ఒట్టి స్పాంజి బ్యాట్‌ను పోటీల్లో నిషేధించి అప్పటికి 41 ఏళ్లు.